గొంతు నాది కాదన్నాను

నాకు మంచి గొంతు ఉందని యాభై మూడో ఏట తెలిసింది. చెప్పినవాడు మా బడి డ్రాయింగు మాస్టారు.

నేను పుంగనూరులో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఉండేది మదనపల్లెలో. ఏళ్ళ తరబడి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. ఆ బస్సుల్లో ఆలోచించినవీ, ఆదివారాలు కూర్చుని రాసినవీ కలిపితే రెండు కథల పుస్తకాలయ్యాయి. మొదటి పుస్తకం ఆవిష్కరణకు మనుషులు బాగానే వచ్చారు. రెండోదానికి వచ్చినవాళ్ళలో సగంమంది పక్క హాలులో జరిగే నిశ్చితార్థానికి వచ్చి దారి తప్పినవాళ్ళు. పాపం, చివరిదాకా కూర్చున్నారు గనక నేను వాళ్ళనూ పాఠకులకిందే జమ వేసుకున్నాను.

నా కథలు ఎక్కువగా వేసిన మాసపత్రిక ఆ ఏడు ఆగిపోయింది. ఆగిపోతున్నట్టు వాళ్ళు ఎవరికీ చెప్పలేదు. నేను పంపిన కథకు జవాబు రాకపోయేసరికి నచ్చలేదేమోనని రెండు నెలలు బాధపడ్డాను. ముగింపు మార్చి మళ్ళీ పంపాను. అప్పటికీ జవాబు లేదు. మధ్యలో ఒక పాత్రను తీసేసి మూడోసారి పంపాను. పత్రికే లేదని తర్వాత తెలిసింది. లేని పత్రికను మెప్పించడానికి ఒక మనిషిని కథలోనుంచి వెళ్ళగొట్టానన్న బాధ మాత్రం చాలాకాలం ఉండింది.

ఇక కథలు చాలు, కొత్తది ఏదైనా చెయ్యాలి అనిపించింది. ఈ అనిపించడం నాకు కొత్త కాదు. అంతకుముందు పెద్దతిప్పసముద్రం వైపు వాన కోసం ఎదురుచూసే రైతుల మీద నవల మొదలుపెట్టాను. మూడో అధ్యాయం రాస్తుండగా అక్కడ వానలు బాగా పడ్డాయి. రైతులు సంతోషంగా ఉన్నారు, నవల ఆగిపోయింది. అందుకని కొత్త పని అనగానే ఆశ ఎంత పుడుతుందో, దాని పక్కనే అనుమానం కూడా అంతే పుడుతుంది నాకు.

డ్రాయింగు మాస్టారుకు ఆ అనుమానం ఉండదు. ఆయన మట్టిబొమ్మలు చేశాడు, ఫొటోలు తీశాడు, ఆ రోజుల్లో గుడ్డసంచుల మీద పుంగనూరు ఆవుల బొమ్మలు వేస్తున్నాడు. అసలే పొట్టి ఆవులు, సంచి మీద ఇంకా పొట్టిగా వచ్చి మేకల్లా ఉన్నాయని అందరూ అన్నా ఆయన నవ్వుతూ ఇంకో సంచి తీసేవాడు.

ఒక మధ్యాహ్నం స్టాఫురూములో సంచికి రంగు వేస్తూ అన్నాడు. "సార్, ఇప్పుడు సదివేవాళ్ళు యాడుండారు? వినేవాళ్ళుండారు. వంట సేస్తా వింటారు, బండి తోల్తా వింటారు. మీ కథలు మీరే సదివి ఫోన్లో పెట్టండి. మీకు గొంతుండాది. ప్రార్థనలో మీరు మాట్లాడితే పిల్లోళ్ళు కదలకుండా నిలబడుకోనుంటారు."

"ఎనకాల పీఈటీ సారు ఉంటాడు గదప్పా," అన్నాను.

"పీఈటీ సారు ఉన్నా హెడ్మాస్టరు మాట్లాడితే కదలతారు. మీరు మాట్లాడితే కదలరు."

ఇలాంటి ఆధారం దొరికాక మనిషి ఆగలేడు. ఆ ఆదివారమే మొదలుపెట్టాను.

చుట్టూ గుడ్డలుంటే గొంతు బాగా వస్తుందని ఎక్కడో విన్నాను. మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ గుడ్డలుండే చోటు నా భార్య బీరువా. తలుపులు రెండూ తెరిచి, చీరల మధ్యకు తల దూర్చి, ఫోను జాకెట్ల మీద పెట్టి కథ చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీలో ఉండగా వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఏమయ్యా, బీరువాలో ఎవురితో మాట్లాడతాండావు?"

మొదటినుంచీ మళ్ళీ చదవాల్సి వచ్చింది. ఈసారి వీధిలో టమోటా లారీ ఒకటి హారను కొడుతూ నిలబడింది. అది కదిలాక పక్కింటి గ్రైండరు. గ్రైండరు ఆగాక మా వంటింట్లో కుక్కరు. కాసేపు పొయ్యి ఆపమని బతిమాలాను.

"అన్నం వద్దా నీకు?" అంది.

"కథ అయినాక పెట్టుకో."

"కత ఎప్పుడైతాది?"

"ఇరవై నిమిషాలు."

"రాసేటప్పుడు గూడా ఇట్లనే అన్నావు. నెల పట్టింది," అంటూ పొయ్యి ఆపింది.

అలా మూడు ఆదివారాలు తంటాలు పడి మొదటి కథను ఫోన్లో అందరూ వినేలా పెట్టాను. పదకొండు మంది విన్నారు. అందులో రెండు ఫోన్లు నావే. ఒకటి బాగా వస్తోందా అని చూడటానికి, ఇంకొకటి మొదటిదానిలో బాగానే వచ్చిందని నమ్మకం కుదరక. కిందనే అభిప్రాయాలు రాసే చోటు ఉంటుంది. ఒక పిల్లవాడి తండ్రి 'గుడ్ మార్నింగ్ సార్' అని రాశాడు. ఎప్పుడో చదువుకుని వెళ్ళిన విద్యార్థి ఒకడు, 'సార్, మీ క్లాసు గుర్తొచ్చింది. హాయిగా నిద్ర పట్టింది' అని రాశాడు. అది మెచ్చుకోలే అని ఒక పూటంతా నన్ను నేను ఒప్పించుకున్నాను.

నా భార్య బియ్యం ఏరుతూ కథ మొత్తం వింది. నా పుస్తకాలు ఆవిడ చదివింది, ఎప్పుడూ 'బాగుంది' తప్ప ఇంకో మాట అనలేదు. ఆ రోజు మాత్రం అడిగింది.

"ఈ కతలో ఆయమ్మది యా ఊరు?"

"రామసముద్రం పక్కన పల్లె."

"రామసముద్రంలో ఎవురన్నా 'నా హృదయం బరువెక్కింది' అంటారా?"

"అది కథ భాష. నువ్వు చదివినప్పుడు అట్లా అనలేదే?"

"సదివినప్పుడు తెలీలేదు. వింటే తెలస్తాండాది," అని చేట పట్టుకుని లేచిపోయింది.

ముప్ఫై ఏళ్ళ విమర్శల్లో నాకు అంత సూటిగా తగిలినది ఇంకొకటి లేదు. కోపం కూడా వచ్చింది. రెండో కథ మరింత బరువెక్కిన హృదయాలతో చదివి పెట్టాను. దాన్ని తొమ్మిది మంది విన్నారు.

ఇక్కడ మా బామ్మర్ది సంగతి చెప్పాలి. నా భార్యకు తమ్ముడు. వ్యానులో ఊరూరా తిరిగి గ్యాస్ స్టవ్వులు, కుక్కర్లు, మిక్సీలు బాగుచేస్తాడు. మదనపల్లెలో మొదలుపెట్టి ఒకరోజు వాయల్పాడు, ఒకరోజు పుంగనూరు, ఆదివారాలు కుప్పం దాకా పోతాడు. చేతి పని మంచిది. వ్యాను మీద మైకులో మోగేది మాత్రం ఎక్కడినుంచో తెచ్చుకున్న రికార్డింగు. ముక్కుతో అరిచే గొంతు.

ఒక సాయంత్రం మా కుక్కరు చూడటానికి వచ్చి, నేను బీరువాలోనుంచి తల బయటికి తీసేదాకా మంచం మీద ఓపిగ్గా కూర్చున్నాడు.

"బావా, నువ్వెట్లాగూ ఊరికే సదువుతాండావు గదా. నాకొక నిమిషం సదివియ్యి. ఆ ముక్కు గొంతుకు కుక్కలు ఎంట పడతాండాయి."

నేను నవ్వేశాను. నవ్వు ఆగాక చూస్తే వాడు నవ్వడం లేదు. రెండు పుస్తకాలు రాసినవాడు కుక్కర్ల మైకులో అరవడమా అని లోపల ఒక మనిషి చాలా హుందాగా లేచి నిలబడ్డాడు. కానీ నా భార్య వంటింటి గడపలో నిలబడి నా మొహం వైపే చూస్తోంది. సరేనన్నాను. నా గొంతని ఎవరికీ చెప్పకూడదని షరతు పెట్టాను.

"ఎవురికి సెప్తా బావా? కుక్కరు తెచ్చేవాళ్ళు గొంతు ఎవురిదని అడగతారా?" అని జేబులోనుంచి కాగితం తీశాడు. అందులో 'గ్యాస్ స్టవ్వులు, కుక్కర్లు, మిక్సీలు మీ ఇంటి ముందరే రిపేరు చేయబడును' అని ఉంది.

'చేయబడును' దగ్గర ఆగిపోయాను. పిల్లల కాంపోజిషన్లలో ఆ మాటను ఎర్రసిరాతో కొట్టేస్తూ ఇన్నేళ్ళు బతికినవాణ్ణి, దాన్ని నా నోటితో వీధివీధినా ఎలా చెప్పను? కాగితం ఉంచి వెళ్ళమన్నాను. మర్నాడు బస్సులో తిరగరాశాను. దిగేలోపు కొట్టేశాను. తిరుగు బస్సులో మళ్ళీ రాశాను. ఎవరు వింటారు దీన్ని? వంటింట్లో చెయ్యి ఖాళీ లేని మనిషి. ఆమెకు ఒక్క వాక్యమే చెవిన పడుతుంది, ఈలోపల వ్యాను ఇంటి ముందు దాటిపోతుంది. నా కథల గురించి ఇలాంటి ప్రశ్న ఎప్పుడూ వేసుకోలేదని అప్పుడు తట్టలేదు. ఏడుసార్లు రాసి, నాలుగో రోజు ఖాయం చేశాను.

'అక్కా, కుక్కరు కూత ఎయ్యలేదా? పప్పు ఉడకలేదని ఇంటాయన మింద అరవొద్దు. ఆయన తప్పేం లేదు. రబ్బరు తప్పు. స్టవ్వు ఒగ పక్క మండి ఇంగో పక్క మండలేదా? మిక్సీ అరస్తాండాదే గానీ తిరగలేదా? తీసుకోని రాండి. మీ ఈదిలోనే ఉండాము.'

బీరువా అవసరం కూడా లేకపోయింది. వ్యాను తలుపులు వేసుకుని, పాత స్టవ్వుల మధ్య కూర్చుని ఒక్కసారి చదివాను. బామ్మర్ది రెండుసార్లు విన్నాడు.

"ఇది నువ్వేనా బావా?" అన్నాడు.

"ఏం, బాగలేదా?"

"బాగుండాది. నువ్వు మాట్లాడినట్టే ఉండాది."

వారం తిరక్కుండానే ఆ గొంతు మదనపల్లె వీధుల్లోకి వచ్చింది. మా వీధిలోకి వచ్చినప్పుడు నేను కాఫీ తాగుతున్నాను. గ్లాసుతో సహా తలుపు చాటుకు వెళ్ళాను. ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ 'రబ్బరు తప్పు' దగ్గర ఆగి, చేతిలో తడి తువ్వాలు పట్టుకుని నవ్వింది. తనలో తను నవ్వింది, ఎవరూ చూడటం లేదనుకుని. ముప్ఫై ఏళ్ళుగా రాస్తున్నాను గానీ, నా వాక్యం దగ్గర ఒక మనిషి నవ్వడం కళ్ళారా చూడటం అదే మొదలు. ఆ పూట బడికి ఆలస్యమయ్యాను. వ్యాను వెనకాలే రెండు వీధులు నడిచాను, ఇంకెవరైనా నవ్వుతారేమోనని.

పుంగనూరులో అంత సుఖంగా జరగలేదు. పదో తరగతికి సంధులు చెబుతుంటే కిటికీలోనుంచి నేను వినబడ్డాను. పిల్లలు కిటికీ వైపు చూశారు, నా వైపు చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు. నేను గుణసంధి దగ్గర కదలకుండా నిలబడ్డాను. ఆ రోజు గుణసంధికి ఇచ్చినన్ని ఉదాహరణలు ఇంకే సంధికీ ఎప్పుడూ ఇవ్వలేదు. మధ్యాహ్నం హెడ్మాస్టరు, "ఆ మైకు గొంతు యాడో విన్నట్టుండాదే సార్," అన్నాడు. "అట్లాంటి గొంతులు చాలా ఉంటాయి సార్," అన్నాను. డ్రాయింగు మాస్టారు మాత్రం ఏమీ అడక్కుండానే నా దగ్గరకొచ్చి చెయ్యి కలిపి ఊపాడు. నా కథలు ఎలా ఉన్నాయని అడిగాను. ఇంకా వినలేదన్నాడు.

ఇలా ఉండగా కుప్పంనుంచి పిలుపు వచ్చింది. అక్కడ కొందరు సాహిత్యాభిమానులు నెలకోసారి కలుస్తారు. ఆ నెల 'వినే కథ' అనే విషయం మీద నేను మాట్లాడాలట. ఫోను చేసినాయన బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. నా కథ విన్నానన్నాడు. ఏ కథ అని అడగబోయి, ఎందుకులే అని ఊరుకున్నాను.

ఆదివారం గనక బామ్మర్ది తన వ్యానులోనే తీసుకుపోతానన్నాడు. పొద్దున్నే బయల్దేరి పుంగనూరు, పలమనేరు, వీకోట మీదుగా వెళ్ళాం. నేను ముందు సీటులో కండువా నలగకుండా కూర్చున్నాను. వెనక స్టవ్వులు గుంటల దగ్గరల్లా గలగలమంటున్నాయి. దారిలో నా ఉపన్యాసం వాడికి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు. "అర్థం కాలేదు గానీ బావా, కష్టపడి రాసినావని తెలస్తాండాది," అన్నాడు.

సభ ఒక మేడ మీది గదిలో. నన్ను కింద దించి వాడే అన్నాడు. "నీ మీటింగుకాడ మైకు ఎయ్యనులే. అవతల ఈదుల్లో తిప్పుకోని వస్తా."

పన్నెండు మంది దాకా ఉన్నారు. కరెంటు లేదు, ఫ్యాన్లు తిరగడం లేదు, కిటికీలన్నీ బార్లా తెరిచి పెట్టారు. నేను మొదలుపెట్టాను. చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య ఉండే దూరం గురించి చెబుతూ ఉన్నాను. ఆ దూరం ఆవేళ సరిగ్గా రెండు వీధులు. ముందు సన్నగా, తర్వాత స్పష్టంగా, అటువైపు వీధిలోనుంచి నా గొంతు అక్కల్ని పలకరించడం మొదలుపెట్టింది.

అధ్యక్షులు చిరాకుపడి, "ఆ కిటికీ మూయండప్పా," అన్నారు.

ముందు వరసలో ఒక లెక్చరరు కూర్చుని ఉంది. కుప్పంలోనే ఒక కాలేజీలో తెలుగు చెబుతుందట. ఆమె చెయ్యెత్తింది. "ఉండండి సార్, విననీండి. ఈ వ్యాను మా ఈదికి గూడా వస్తాది. భలే ఉంటుంది."

అందరూ చెవులు రిక్కించారు. 'ఆయన తప్పేం లేదు' అనగానే ఆమె గొంతు కలిపి 'రబ్బరు తప్పు' అంది. గది గదంతా నవ్వింది. అధ్యక్షులు కూడా నవ్వారు. నేను ఉపన్యాసం కాగితాలు పట్టుకుని, నవ్వాలో వద్దో తెలియక, ఒక పక్కకు నవ్వాను.

ఆమె నా వైపు తిరిగింది. "సార్, మీ గొంతు మాదిరే ఉండాదే?"

ఒక్క క్షణం దొరికింది నాకు. అవునంటే అయిపోయేది. కానీ కండువా కప్పుకుని, వెనక బ్యానరు మీద 'ప్రముఖ కథకులు' అని రాసి ఉండగా, ఆ మాట నోటికి రాలేదు.

"లేదండీ. నాది కాదు," అన్నాను.

"ఎవురు రాసినారో గానీ, రెండే మాటల్లో ఒక సంసారాన్ని తెచ్చి ముందర పెట్టినారు సార్. మా పిల్లలకు క్లాసులో గూడా చెప్పినాను. ఇంటాయన్ను కాపాడినట్టే కాపాడి, రోజూ ఆ ఇంట్లో ఏం జరగతాదో చెప్పేసినారు గదా." ఆమె ఆగింది. నేను అక్కడే ఉన్నానని గుర్తొచ్చినట్టుంది. "మీ కథలు గూడా విన్నాను సార్. అవి గూడా... బాగుండాయి."

ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూసిన మాటలు నా కళ్ళముందే వచ్చాయి, ఎవరో ఊరూ పేరూ లేనివాడికి వెళ్ళిపోయాయి. ఆ మనిషి మీద నాకు నిజంగానే అసూయ పుట్టింది. ఉపన్యాసంలో మిగిలిన భాగం ఎలా చెప్పానో నాకు తెలియదు. తలెత్తి చూస్తే వెనక తలుపు దగ్గర మా బామ్మర్ది. చేతులకు మసి. ఎప్పుడొచ్చాడో.

సభ అయ్యాక శాలువా కప్పారు. లెక్చరరు వాడి చొక్కా మీది మసి చూసి అడిగింది. "వ్యాను మీదేనా?"

"అవును మేడమ్."

"ఆ మైకులో గొంతు ఎవురిది?"

వాడు నా వైపు చూశాడు. నేను శాలువా సర్దుకున్నాను.

"తెలీదు మేడమ్. కడప తట్టునుంచి తెప్పించినా," అన్నాడు.

తిరుగు దారిలో వీకోటలో టీ తాగడానికి ఆపాడు. గ్లాసు నా చేతికిచ్చి తను వ్యానుకు ఆనుకుని నిలబడ్డాడు.

"యాల అట్ల సెప్పినావు?" అని అడిగాను.

"నువ్వు కాదన్నావు గదా. నేను అవునంటే అంతమంది పెద్దోళ్ళ ముందర నువ్వు అబద్ధం ఆడినట్టైతాది." టీ తాగేసి అన్నాడు. "కుక్కర్ల పని అంత తక్కువదా బావా?"

కాదని చెప్పాలి. చెప్పాను కూడా అనుకుంటాను, కానీ ఎంత మెల్లగా చెప్పానంటే నాకే వినబడలేదు. వాడు గ్లాసులు తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఇంటికి చేరాక ఎప్పటిలాగే, "అక్కా, బావకు ఎండదెబ్బ తగిలినట్టుండాది, మజ్జిగియ్యి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

నా భార్యకు జరిగింది చెప్పాను. మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టి, "నీకు బుద్ధుండాదా?" అంది.

మర్నాడు స్టాఫురూములో ఎవరూ లేనప్పుడు బ్యాంకు పెద్దమనిషి దగ్గర నంబరు తీసుకుని కుప్పం లెక్చరరుకు ఫోను చేశాను. ఆ గొంతు నాదేనని, రాసింది నేనేనని, కాదన్నది సిగ్గుపడి అని చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వింది. నవ్వాక అడిగింది. "మరి మీ కథలు ఆ గొంతుతో ఎందుకు చదవరు సార్?"

ఆ గొంతుతో చదవాలంటే ఆ కథలు మళ్ళీ రాయాల్సి ఉంటుందని చెప్పాను. "రాయండి," అంది, పిల్లవాడికి హోంవర్కు చెప్పినట్టు.

ఫోను చేసిన సంగతి బామ్మర్దికి చెప్పినప్పుడు వాడు పైకి ఏమీ చూపించలేదు. "యాల బావా అనవసరంగా," అన్నాడంతే. కానీ ఆ వారంనుంచి కుక్కరు తెచ్చినవాళ్ళందరికీ అడక్కపోయినా చెప్పడం మొదలుపెట్టాడు, మైకులో మాట్లాడేది మా బావ అని, పుంగనూరులో తెలుగు సారు అని, పుస్తకాలు గూడా రాసినాడని. పుస్తకాల సంగతి ఎవరూ పట్టించుకోలేదట.

దసరా సెలవుల్లో వాడితోపాటు రామసముద్రం వైపు పల్లెలకు వెళ్ళాను. ఎవరు వింటున్నారో చూద్దామని. ఒక ఊళ్ళో వ్యాను ఆపగానే కుక్కర్లు, స్టవ్వులు పట్టుకుని అయిదారుగురు ఆడవాళ్ళు వచ్చారు. నన్ను చూసి ఒకామె, "రబ్బరు తప్పు సారు ఈయప్పేనా?" అంది. అవునని నేనే ఒప్పుకున్నాను. ఈసారి కష్టం అనిపించలేదు.

"ఏం సారూ," అని ఆమె కుక్కరు మూత వ్యాను మీద పెట్టింది. "ఆయన తప్పేం లేదు అని మైకులో అరిపిస్తాండావు. మా ఆయన తప్పే. రబ్బరు మార్చుకోని రమ్మని మూడు నెల్లనుంచి సెప్తాండా. మదనపల్లెకు పోతాడు, టమోటాలు ఏసేసి వస్తాడు, రబ్బరు మరిసిపోతాడు. నువ్వొచ్చి మా ఈదిలో ఆయన తప్పేం లేదంటే, అరుగు మింద కూసోని మీసం తిప్పతాడు."

మిగతా ఆడవాళ్ళు ఒక్కపెట్టున నవ్వారు. ఇంకొకామె, "మా ఇంట్లో రబ్బరు బాగుండాది సారూ, పప్పే లేదు," అంది. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. మొదటామె ఏమీ ఎరగనట్టు, "సాయంత్రం మా ఇంటికి రా, అలసందలుండాయి," అంది ఆమెతో.

నేను వ్యాను మెట్టు మీద కూర్చుని విన్నాను. పుస్తకం తీసి రాసుకుంటే మాట ఆగిపోతుందని భయం. తిరిగి వస్తూ దారి పొడుగునా మరిచిపోకుండా మనసులో చెప్పుకుంటూనే ఉన్నాను. బామ్మర్ది ఏదో అడిగితే చెయ్యి అడ్డం పెట్టాను.

అలా వచ్చిన కథను ఆ నెలాఖరులో చదివి పెట్టాను. అందులో ఎవరి హృదయమూ బరువెక్కదు. ఒకామె ఇంకొకామెను అలసందలకు రమ్మంటుంది, అంతే. ఇరవై ఆరుమంది విన్నారు. మైకులో వినేవాళ్ళతో పోలిస్తే ఇది ఎంత అని లెక్క వేసుకోబోయి మానేశాను. నా భార్య ఈసారి విని, 'బాగుంది' అనలేదు. "ఆ రెండో ఆయమ్మ సాయంత్రం పోయిందా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. "కనుక్కోనుండాల్సింది," అంది కొంచెం కోపంగా.

ఇప్పుడు నాటకం రాస్తున్నాను. కుప్పం లెక్చరరు వాళ్ళ కాలేజీ పిల్లలతో వేయిస్తానంది. నాటకం నేనెప్పుడూ రాయలేదు. కథలో అయితే 'ఆమె వెళ్ళిపోయింది' అని రాస్తే మనిషి వెళ్ళిపోతుంది. ఇక్కడ ఆమె తన కాళ్ళతో తను నడిచి పోవాలి, ఎందుకు పోతుందో చూసేవాళ్ళకు తెలియాలి. మొదటి రంగంలో అయిదుగురు ఆడవాళ్ళను రంగస్థలం మీదికి తెచ్చాను. తేవడం సులభంగానే జరిగింది. వాళ్ళు మాట్లాడుతున్నారు. నెల అయింది, ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. ఒక్కరూ కదలడం లేదు. ఈ పని నావల్ల కాదేమోనని పొద్దున బస్సులో అనిపిస్తుంది. సాయంత్రం బస్సులో వాళ్ళలో ఒకామె ఏదో ఒక మాట అంటుంది, అది రాసుకోవడంలో మదనపల్లె వచ్చేస్తుంది.